టేబులు కింద మనిషి

పడేదీ లేదు పోయేదీ లేదు, పొద్దుటి నుంచి మబ్బు నానక్‌రామ్‌గూడ మీద దిగబడి అట్లాగే నిలబడింది, అద్దాల మేడల పై అంతస్తులు కనిపించడం లేదు, సకల జనుల సమ్మెలో బస్సులు లేవు గనక జనమంతా షేర్ ఆటోలకు వేలాడుతున్నారు, నేను నడిచే వచ్చాను, లోపల అడుగు పెట్టీ పెట్టగానే మేనేజరు లావణ్య మేడం, లింగమూర్తీ, అకౌంట్స్‌లోకి కొత్తాయన వచ్చిండు, జర సిస్టం బిగించి మెయిల్ తెరిచియ్యి, భోజనాల లోపల ఆయన సర్టిఫికెట్లు బెంగళూరు హెడ్డాఫీసుకు పోకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతది అంది, కొత్తాయన కుర్చీలోంచి తల తిప్పాడు, రామబ్రహ్మం, మీసం నెరిసింది, అంతే తేడా, జారే కళ్ళద్దాలను చిటికెన వేలితో పైకి తోసుకోవడం అట్లాగే ఉంది, నమస్కారమండీ, కాస్త చూసి పెట్టండి అన్నాడు, అండీ అన్నాడు, నన్ను.

గుర్తుపట్టలేదు, ఏడాది కిందట మాదాపూర్‌లో ఈయన మేనేజరు, నేను ఈయన కింద వైర్లు బిగించేవాణ్ణి, బంద్ రోజు గేటు దగ్గర ఎవరో రాళ్ళు రువ్వి అద్దాలు పగలగొట్టారు, ఆ చప్పుడు విన్నప్పుడు నేను ఎక్కడున్నానంటే ఈయన టేబులు కిందే ఉన్నాను, ప్రింటరు వైరు పెడుతూ, ఈయన బూట్ల పక్కన, సాయంత్రం పోలీసులు నా పేరు పెట్టి పిలిచారు, రాళ్ళేసింది నువ్వేనని మీ మేనేజరే చెప్పిండు అన్నారు, రాత్రంతా ఠాణాలో, తెల్లారితే ఉద్యోగం లేదు, ఎడమ చేతి ఉంగరం వేలు అప్పటి నుంచి మడతపడదు, టైపు చేస్తుంటే పక్క వేళ్ళకు అడ్డం పడుతుంది, అడ్డం పడినప్పుడల్లా ఈ మనిషి ముఖం, నాకు టైపు చేయని రోజు లేదు.

ఇప్పుడు కీబోర్డు ప్లగ్గు పట్టుకుని ఆకుపచ్చ రంధ్రంలో కుక్కుతున్నాడు, అది మౌసుది, కీబోర్డుది పక్కనున్న ఊదారంగుది, పైగా గాడి చూసుకోకుండా తిప్పి తిప్పి నొక్కుతున్నాడు, లోపల సన్నటి పిన్నులు వంగిపోతాయి, వంగనీ అనుకున్నాను, ఈ నీలంరంగుది ఎక్కడికండీ అన్నాడు, రెండు పక్కలా మరలున్నది, తెరకు పోయేది, చెప్పలేదు, చెమట ఆయన చెవి వెనక నుంచి కాలరులోకి దిగేదాకా చూసి అప్పుడు వంగి అన్నీ నేనే పెట్టాను, మెయిల్ తెరవబోతే మొబైల్ నంబరు అడిగింది, ఫోను పాత కంపెనీదండీ, తీసేసుకున్నారు, మీ నంబరే వెయ్యండి అన్నాడు, పాస్‌వర్డో, మీరే ఏదో ఒకటి పెట్టండి, నాకెక్కడ గుర్తుంటుంది అన్నాడు, పెట్టాను, మడతపడని వేలు అడ్డం పడుతుండగా పెట్టాను, రేపు ఈయనకు రాబోయే ఉత్తరాలూ, మరిచిపోతే తెరిచే తాళమూ అన్నీ నా చొక్కా జేబులోకి వచ్చాయి, అడగకుండానే, సర్టిఫికెట్లున్న పెన్ డ్రైవ్ వెనక పెడతానని మళ్ళీ కిందికి దూరి, ఆయన పంపడం మొదలుపెట్టగానే నెట్ కేబులు కొక్కెం నొక్కి కొంచెం వెనక్కి లాగాను, పచ్చ లైటు ఆరింది, పైన ఆయన సర్టిఫికెట్లు సగంలో ఆగాయి, ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

అందరూ టిఫిన్ డబ్బాలు తీస్తున్నారు, మేడం దూరం నుంచి పోయిందా అని సైగ చేస్తోంది, రామబ్రహ్మం రెండు చేతులూ మౌసు మీద పెట్టి తెరను చూస్తున్నాడు, పాప ఫీజు కట్టాలండీ, ఈ ఉద్యోగం దొరికితేనే అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు, అప్పుడు అడిగాను, నేనెవరో ఎరుకనా సారూ అని, ఎందుకు ఎరగను, లింగమూర్తివి కదూ, పొద్దున్నే గుర్తుపట్టాను, పనైపోయాక మాట్లాడదామని ఊరుకున్నా అన్నాడు, అండీ పోయింది, ఆ రోజు స్టేషన్ వాళ్ళు ఎవరో ఒకరి పేరు చెబితే గానీ కదలమన్నారయ్యా, మీ వాళ్ళల్లో నాకు తెలిసిన పేరు నీదొక్కటే, వైర్లకని రోజూ పిలిచేవాణ్ణిగా.

నేను మీ కాళ్ళకాడ్నే ఉన్న కద సారూ, అన్నాను.

ఉన్నావా, అన్నాడు, కళ్ళద్దాలు పైకి తోసుకుని నిజంగానే గుర్తు చేసుకోబోయాడు, దొరకలేదు, అబద్ధమాడే మనిషి ముఖం నేను చాలాసార్లు చూశాను, అది కాదు, మళ్ళీ కిందికి దూరాను, ఆయన చెప్పులకు నల్లగండ్ల నుంచి నడిచిన ఎర్ర బురద, కేబులు వేళ్ళ మధ్య ఉంది, మెయిల్ పోకపోతే రేపు బెంగళూరు వాళ్ళు ఎవరు బిగించారని అడుగుతారు, ఈ ఆఫీసులోనూ ఈయనకు తెలిసిన పేరు నాదొక్కటే, చెబుతాడు, ఏ కోపమూ లేకుండా చెబుతాడు, తోశాను, టిక్కుమంది, పచ్చ లైటు, పైన పోయిందండీ పోయింది అన్నాడు, మళ్ళీ అండీ.

డబ్బా తెరిచి దొండకాయ వేపుడు సగం మూతలో వేసి నా వైపు జరిపాడు, నా జొన్నరొట్టె ఒకటి తుంచి ఆయన ముందు పెట్టాను, ఏడాదిగా నేను పగపట్టింది నన్ను చూసి కూడా అబద్ధం చెప్పిన మనిషి మీద, అట్లాంటి మనిషి ఎక్కడా లేడు, ఉన్నది ఈయన, టేబులు కిందికి ఒక్కసారైనా చూడని ఈయన, ఇందుకు ఏ పగా సరిపోదు, తలవంచుకుని నములుతున్నాడు, నేనూ నములుతున్నాను.