రెండు రంగుల గోలీలు

వాడపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున గొర్ల వెంట తిరిగీ తిరిగీ కొమురమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. రెండేళ్ల కింద భర్త సైదులు ఆమెను మిర్యాలగూడలో ఎముకల డాక్టరుకు చూపించాడు. ఆయన పది రోజులకు తెల్ల గోలీలు రాశాడు. వాటితో ఆమె లేచి నడిచింది. సైదులు సంబరపడిపోయి, ఆ చీటీనే పట్టుకుని నెలనెలా మందుల షాపులో అవే గోలీలు తెచ్చేవాడు. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయింది లేదు.

ఏడాది తిరిగేసరికి ఆ గోలీలకు నొప్పి లొంగలేదు. ఎవరో చెబితే కోదాడ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు, "ఇంతకుముందు ఏమన్నా మందులు వాడుతున్నారా అమ్మా?" అని అడిగాడు. కొమురమ్మ నోరు తెరవబోయింది. వేరే డాక్టరు మందులు వాడుతున్నామంటే ఎక్కడ కసురుకుంటాడోనని సైదులే అందుకున్నాడు.

"లేదు సారూ, ఏం వాడుతలేదు."

ఆయన పసుపుపచ్చ గోలీలు రాశాడు. అప్పటినుంచి పొద్దున తెల్లవి, రాత్రి పసుపువి. రెండూ పడితే ఆమెకు హాయిగా నిద్రపట్టేది.

ఈ వానాకాలంలో కొమురమ్మ కాళ్లు వాచాయి. అన్నం చూస్తే వాంతి. మూత్రం తగ్గిపోయింది. సూర్యాపేట దవాఖానలో చేర్చారు. రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టర్ మధుసూదన్ సైదులును పక్కకు పిలిచాడు.

"ఇంట్ల ఉన్న చీటీలు, గోలీలు అన్నీ పట్టుకరా. ఒక్కటి గూడ ఇడిశిపెట్టకు."

మరునాడు సైదులు సంచి తెచ్చి బల్లమీద బోర్లించాడు. డాక్టరు చీటీలను తారీఖుల ప్రకారం పరిచాడు. గోలీల అట్టలు రెండూ చేతిలోకి తీసుకుని, వెనక ఉన్న సన్న అక్షరాలు చదివాడు.

"ఇవి రెండూ ఒక్కటే మందు, సైదులూ. కంపెనీ వేరు, రంగు వేరు. ఏడాది సంది డబల్ మింగుతున్నది. కిడ్నీలు పాడైనయ్."

"మరి కోదాడ సారుకు తెల్వదా?"

"ఎట్ల తెలుస్తది? మిర్యాలగూడల రాసింది ఆయనకు కనపడదు గద. ఆయన అడగలేదా?"

"అడిగిండు సారూ," అంటూ సైదులు ఖాళీ సంచి మడవసాగాడు. డాక్టరు గద్దించలేదు. ఆధార్ కార్డు తీసుకుని, కంప్యూటర్లో కొమురమ్మ పేరుమీద ఆరోగ్య నంబరు తీయించాడు. ఇకమీదట ఇక్కడ రాసిన మందులన్నీ అందులోకి ఎక్కుతాయనీ, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఆ నంబరు చూపించమనీ చెప్పాడు. ఆ నంబరు రాసిన కాగితం మడిచి సైదులు జేబులో పెట్టుకున్నాడు.

వార్డులో కొమురమ్మ మెలకువగానే ఉంది. "ఏమన్నడు డాక్టరు?"

ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనుకున్నాడు. చేతకాలేదు. కోదాడలో తానాడిన అబద్ధంతో సహా అంతా చెప్పేశాడు.

"ఆ దినం నేను చెప్పబోయిన," అందామె. "నువ్వు అడ్డమొచ్చినవ్. నేనూ ఊకున్న."

"తిట్టు, కొమురా."

"తిడితే ఏమొస్తది ఇగ?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

గొర్లను తమ్ముడికి అప్పగించి, వారానికి రెండుసార్లు సైదులు ఆమెను రక్తం శుద్ధి చేయించడానికి బస్సులో తీసుకుపోతున్నాడు. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. దానికిప్పుడు ఆ గోలీలు ఇవ్వడానికి లేదు. ఆమె మూలిగినప్పుడల్లా పక్కన కూర్చుని కాళ్లు పిసుకుతాడు. ఆమె వద్దనదు. అతని ముఖంలోకి చూడదు కూడా.