మల్లెల వేడి

"ఆ సింకు పైపు కాస్త నువ్వు చూడు. నీకెలాగూ వాసన రాదుగా" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆమె చూసింది. పైపు విప్పి, లోపల పేరుకున్న నల్లటి జిగురంతా వేలితో తీసి, మళ్ళీ బిగించింది. ఆ మధ్య వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కును కూడా పట్టుకుపోయింది. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి చెబితే భర్త క్షణం ఆలోచించి, "పోనీలే, నీకే హాయి" అన్నాడు. ఆ హాయి ఏమిటో నెమ్మదిగా తెలిసొచ్చింది. చెత్తబుట్ట, పాచి గిన్నెలు, బాత్రూం కాలువ, ఒక్కొక్కటే ఆమె వాటాకు వచ్చి చేరాయి. చివరికి మంచాన పడిన మామగారు కూడా. అంతకుముందు ఆయన పక్కబట్టలు ఒక పూట భర్త మార్చేవాడు. ఇప్పుడు రెండు పూటలా ఆమే. తండ్రిని చూడ్డానికొచ్చిన ఆడపడుచు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "అదృష్టవంతురాలివి వదినా" అంది.

కోపం రావాల్సిన మాటే. రాలేదు. వాసనతో పాటు అదీ ఎటో పోయినట్టుంది. అన్నం తిన్నా ఒకటే, మానినా ఒకటే. ఎవరో పిలుస్తారు, కాళ్ళు వెళ్తాయి, చేతులు చేస్తాయి. తను ఎక్కడో కాస్త దూరంగా కూర్చుని ఉంటుంది.

మామగారు ఒక్కరే అడిగారు, మొదటిరోజు, కళ్ళు గట్టిగా మూసుకుని. "నిజంగా నీకేం తెలీదామ్మా?"

"తెలీదు మామయ్యా."

ఆయన మొహంలో బిగువు సడలింది. ఆ తర్వాత ఆమె పక్క మారుస్తున్నంతసేపూ తను బస్సు నడిపిన రోజుల కబుర్లు చెప్పేవారు.

ఆమె పనిచేసేది టీ ఆకుకు మల్లె వాసన పట్టించే షెడ్డులో. పొద్దున్నే, ఇంకా విచ్చకముందే కోసిన మొగ్గలు బుట్టల్లో వస్తాయి. వాటిని నీడన కుప్పపోసి ఉంచుతారు. పొద్దువాలాక విచ్చుకుంటాయి, వాసన వదిలేది అప్పుడే. సరిగ్గా ఆ అదను చూసి టీ ఆకుతో పొరలు పొరలుగా కలపాలి. ముందే కలిపితే ఆకుకు ఏమీ పట్టదు. ఆలస్యమైతే పూలు కమిలి ఆకును పాడుచేస్తాయి. తెల్లారేసరికి ఆకు వాసనంతా తాగేస్తుంది. వాడిన పూలను జల్లెడపట్టి అవతల పారేస్తారు.

"ఇక కలపండి" అనే మాట ఏళ్ళ తరబడి ఆమెదే. కుప్ప దగ్గర నిలబడి ఒకసారి గాలి పీల్చి చెప్పేది. ఏ తోటలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, నీళ్ళు ఆపి మొక్కను ఎండగట్టారో, ఎక్కడ బద్ధకించి వదిలేశారో కూడా ఆ గాలిలోనే తెలిసిపోయేది. అలా కష్టపెడితేనే మల్లె విరగబూస్తుందంటారు రైతులు. మొక్క సంగతి వాళ్ళకు తెలుసు, సరే. మనిషి సంగతి ఎవరినడగాలి?

జ్వరం తర్వాత సూపర్‌వైజరు ఆమెను వాడిన పూల గుట్ట దగ్గరికి మార్చాడు. తడిసి కుళ్ళిపోయే పూలు. "మిగతావాళ్ళు కక్కుకుంటున్నారమ్మా. నీకైతే ఇబ్బంది లేదుగా" అన్నాడు. ఆమె స్థానంలో ఒక కొత్తమ్మాయి వచ్చి చేరింది.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి కుప్ప ముందు నిలబడి ఎటూ తేల్చుకోలేక గోళ్ళు కొరుక్కుంటోంది. ఖాళీ బుట్టతో అటుగా వెళ్తున్న ఆమె, ఎందుకో తనకే తెలియకుండా, కుప్పలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా దిగింది. పైన చల్లగానే ఉంది గానీ, లోపల జ్వరమొచ్చిన పసిపిల్ల ఒళ్ళులా కాలుతోంది. విచ్చుకునేటప్పుడు మల్లెలు అలాగే వేడెక్కుతాయి. ఇన్నేళ్ళూ ముక్కే ముందు చెప్పేయడంతో తన చేతిని ఆమె ఎప్పుడూ అడగలేదు.

"కలపండి. ఇప్పుడే" అంది.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. "వాసన తిరిగొచ్చిందా ఏంటి?"

చెయ్యి సంగతి చెబితే నమ్మడు. ఆమె కుప్పలోంచి చెయ్యి తీసుకుని, "వచ్చింది" అంది.

మర్నాడు ఆ ఆకుతో కాచిన టీ రుచి చూసి అతను ఆమెను పాత చోటికి పంపించాడు. ఆమెకు సంతోషమేమీ కలగలేదు. కానీ ఆ ఒక్క మాట, "వచ్చింది" అన్నది, ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది.

గుమ్మంలోనే ఎదురయ్యాడు భర్త. "నాన్న పక్క తడిపినట్టున్నారు, చూడు."

"మీరు మార్చండి. నాకు వాసన వస్తోంది."

తన వస్తువేదో ఎవరో ఎత్తుకుపోయినట్టు చూశాడు. "మరి... ఇప్పుడెలా?"

"ఎలా ఏముంది? మునుపటిలాగే. సాయంత్రం మీరు, పొద్దున నేను."

"నాకు కడుపులో తిప్పుతుందే!"

"నాకు మాత్రం కళ్ళు లేవా? ఇన్నాళ్ళూ చూస్తూనేగా చేశాను" అంది, చెప్పులు విడుస్తూ. గొంతు పెంచలేదు. పెంచడానికి లోపల ఏమీ లేదు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి కూర్చుంది. చాలాసేపటికి మామగారి గది తలుపు చప్పుడైంది. భర్త లోపలికి వెళ్ళాడు.

పొద్దున ఆమె వంతు. మామగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. బస్సు కబుర్లు లేవు. ఆమె దుప్పటి లాగుతుంటే చాలా చిన్నగా, "ఏమనుకోకమ్మా. నీకిప్పుడు తెలుస్తుందటగా" అన్నారు.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎన్నాళ్ళుగానో దూరంగా కూర్చున్న తను లేచి ఆ గదిలోకి వచ్చినట్టనిపించింది. తలుపు దగ్గరగా వేసి, ఆయన చెవి దగ్గర వంగింది.

"రాలేదు మామయ్యా. అబద్ధం చెప్పాను."

ఆయన తల తిప్పి ఆమెను చూశారు. దుప్పటి కింద పొట్ట కదలడం మొదలైంది. చప్పుడు లేని నవ్వు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"వాడికి మాత్రం చెప్పకు తల్లీ. నిన్న దుప్పటి తిరగేసి వేశాడు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు."