పీలే వెయ్యో గోలు

హనుమంతరావుది తెనాలి. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాడు గానీ చేతిరాత మాత్రం ముత్యాలు పేర్చినట్టుండేది. ఆ రాత చూసే రేపల్లెలో, రైలుస్టేషను దగ్గరున్న రీడింగ్ రూములో పనికి పెట్టుకున్నారు. తలుపులు తియ్యడం, బెంచీలు తుడవడం, పేపర్లు సర్దడం ఎవడైనా చేస్తాడు. అతను చేసే పని ఇంకోటుంది. వరండాలో నల్లబల్ల మీద రోజూ 'చరిత్రలో ఈ రోజు' రాసేవాడు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎక్కడ యుద్ధం ఆగింది, ఏ నటుడి మొదటి బొమ్మ ఎప్పుడు విడుదలైంది. అన్నిటికీ ఆధారం ఒక్కటే, ఉద్యోగ పరీక్షలకి కూర్చునేవాళ్ళు చదివే లావుపాటి గైడు. అందులో ఉంటే అది చరిత్ర. లేకపోతే లేదు. రైలు దిగిన డిగ్రీ గుమస్తాలు కూడా ఆగి ఆ బల్ల చదివిపోతుంటే, బడి మానేసిన కడుపుమంట కాసేపు చల్లారేది.

1987 నవంబరు మొదట్లో రూతు అనే ఆమె వచ్చి వరండా మెట్ల కింద నిలబడింది. భట్టిప్రోలులో తమ్ముడింట్లో ఉంటూ కూలికి పోతుందట. అంతకుముందు కాపురం సముద్రం పక్కపల్లెలో. డెబ్బయ్యేడు ఉప్పెనలో ముగ్గురు పిల్లలూ పోయారు. శవాలు దొరకలేదు. సమాధి లేదు, సమాధి మీద పేర్లు రాయించుకునే రాయీ లేదు. పందొమ్మిదో తారీకుకి పదేళ్ళు నిండుతాయని చెప్పి అడిగింది.

"పెద్దోళ్ళ దినాలన్నీ మీరు ఆ బల్లమీద రాస్తారంట బాబూ. మా పిల్లోళ్ళవి రాయకూడదా?"

హనుమంతరావు కరిగిపోయాడు. పేర్లు అడిగి కాగితం మీద రాసుకున్నాడు. జార్జి, ప్రకాశం, కాంతమ్మ. తప్పకుండా రాస్తానన్నాడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి.

అయితే ఆ పందొమ్మిదే ఇందిరమ్మ పుట్టినరోజు. పైగా డెబ్బయ్యో జయంతి. రీడింగ్ రూము కమిటీ ప్రెసిడెంటు బసవేశ్వరరావు గారు తానే వచ్చి వరండాలో ఆమె పటానికి దండ వేస్తానని కబురుపెట్టాడు. బాపట్లలో ఒక లైబ్రరీలో అటెండరు పోస్టు ఖాళీగా ఉంది. అది ఆయన నోటిమాటతో వచ్చే పోస్టు. దానికోసం హనుమంతరావు ఏడాదిగా ఆయన గుమ్మం చుట్టూ తిరుగుతున్నాడు. ముందురోజు సాయంత్రం నీళ్ళు నములుతూ, ఉప్పెన సంగతి కూడా ఓ మూల రాయనా అని అడిగాడు. ఆయన కోప్పడలేదు, నవ్వాడు.

"శుభమా అని జయంతి చేసుకుంటుంటే చావుల మాట ఎందుకయ్యా? నీ గైడులో ఉందా?"

"లేదండి."

"మరింకేం."

పొద్దున్నే రంగుసుద్దలతో అంచుకి పూలతీగ గీసి, పైన ఇందిరమ్మ జయంతి రాశాడు. దాని కింద ఝాన్సీ లక్ష్మీబాయి జయంతి. ఆ కింద, చంద్రుడి మీద మనుషులు రెండోసారి దిగిన రోజు. ఇంకా జానెడు చోటు మిగిలింది. ముగ్గురు పిల్లల పేర్లు ఆ జానెడులో హాయిగా పట్టేవి. హనుమంతరావు గైడు తిరగేసి, 'ఫుట్‌బాలు వీరుడు పీలే వెయ్యో గోలు కొట్టిన రోజు, 1969' అని నింపేశాడు. రేపల్లెలో ఫుట్‌బాలు ఆడేవాడు ఒక్కడూ అతని ఎరుకలో లేడు.

రూతు సాయంత్రం ఏ రైలుకో వస్తుందిలే, అప్పటికి చెరిపి రాయొచ్చని ధీమాగా ఉన్నాడు. ఆవిడ పదింటికే వచ్చింది. ఉతికిన తెల్లచీర, చేతిలో ఆకుపొట్లం. అప్పుడే దండ వేసి బసవేశ్వరరావు గారు తన మనుషులతో వరండాలో నిలబడి ఉన్నాడు.

"రాశారా బాబూ?"

అందరూ ఇటు తిరిగారు. లేదమ్మా అంటే సరిపోయేది. "రాశాను" అనేశాడు.

తనకి చదువు రాదని, చదివి వినిపించమంది. బల్లవైపు తిరిగి, చూసి చదివినట్టే చదివాడు. ఉప్పెన వచ్చి పదేళ్ళు. జార్జి, ప్రకాశం, కాంతమ్మ. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఏ వరసండి అని అడిగింది రూతు. అడుగు వరస చూపించాడు. ఆమె మెట్లెక్కి వచ్చి, ఆ వరస మొదట్నించి చివరిదాకా వేళ్ళతో తడిమి, అంటిన సుద్దని కళ్ళకద్దుకుంది. పొట్లం విప్పి బంతిపూలు బల్ల కింద పెట్టి వెళ్ళిపోయింది. పీలే గోలు సగం చెరిగిపోయింది.

బసవేశ్వరరావు గారు హనుమంతరావు భుజం తట్టి, సమయస్ఫూర్తి ఉందయ్యా నీకు అన్నాడు. రెండు నెలలు తిరక్కుండా బాపట్ల ఆర్డరు చేతికొచ్చింది.

ఆ తర్వాత అతనికి అన్నం సయించలేదంటే అబద్ధం. బాగానే తిన్నాడు. సుద్దముక్క మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. బాపట్లలో కూడా నల్లబల్ల ఉంది. నాకు రాత రాదండి అని తప్పించుకున్నాడు. నవంబరు వస్తే మాత్రం వేళ్ళు కళ్ళకద్దుకునే మనిషి కళ్ళముందు నిలబడేది.

1992లో పందొమ్మిదో తారీకున సెలవు పెట్టాడు. ముగ్గురి పేర్లూ అట్టమీద ఇంకుతో రాసి, అద్దం కట్టించి సంచిలో పెట్టుకున్నాడు. తెనాలిలో రేపల్లె బండి మారి భట్టిప్రోలులో దిగాడు. వాకబు చేస్తే ఇల్లు దొరికింది. రూతు అరుగు మీద కూర్చుని గోంగూర వలుస్తోంది.

"ఆరోజు బల్లమీద మీ పిల్లల పేర్లు లేవమ్మా" అన్నాడు. ఆమెని మీరు అనడం అదే మొదలు.

"తెలుసు బాబూ."

ఎలా తెలుసన్నాడు.

"మీ వెనక నవ్వారుగా. చచ్చిన పిల్లల పేర్లు చదివితే ఎవరన్నా నవ్వుతారా?"

మరి కళ్ళకెందుకు అద్దుకున్నారని అడిగాడు.

"నలుగురిలో మీ మాట పోతుందని. తిండిపెట్టే పని కదా." కాడ తుంచి పక్కన పడేసింది. "ఇంతకీ దేనిమీద చెయ్యి పెట్టించారు?"

చెప్పక తప్పలేదు. పరదేశంలో ఒకాయన బంతాటలో వెయ్యోసారి గెలుపు బంతి కొట్టిన రోజని చెప్పాడు. ఆమె ఓహో అంది, అంతే.

సంచిలోంచి అద్దం తీసి ఇచ్చాడు. పేర్లు చదివి వినిపించాడు. ఏ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. రూతు కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసి, లోపలికి తిరిగి తమ్ముడి కోడల్ని పిలిచింది.

"ఏమీ అనుకోకండి బాబూ. దీనిచేత కూడా ఒకసారి చదివించుకుంటా."

ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివేదాకా, హనుమంతరావు వాకిట్లో తలొంచుకుని నిలబడ్డాడు.