ఆరోగ్యవంతుడి ఊపిరి

అన్నయ్యకి జబ్బంటే ఏమిటో తెలియదని ఇంటిల్లిపాదికీ నమ్మకం. లిఫ్టులు బాగుచేసే మనిషి. పాడైన లిఫ్టు ఏ అంతస్తులో ఉన్నా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని చకచకా మెట్లెక్కేవాడు. అందుకే తన పరిశోధనకి ఆరోగ్యవంతుడి ఊపిరి కావాల్సి వచ్చినప్పుడు చెల్లెలు ఇంకెవరినీ వెతకలేదు. గుండ్రాయిలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరగడం దేనికి?

ఆమె పని కార్బన్ నానోట్యూబులతో. అవి కంటికి ఆనని సన్నటి గొట్టాలు. వాటిలో లోహంలాంటి రకం ఒకటుంది, ఏం జరిగినా కరెంటుని పారనిస్తూనే ఉంటుంది. దానితో ఈ పనికి లాభం లేదు. రెండో రకం అర్ధవాహకం. కాస్త అమోనియా సోకితే చాలు, అందులో కరెంటు పడిపోతుంది. కిడ్నీలు చెడినవాళ్ళ ఊపిరిలో అమోనియా ఎక్కువ. సూది గుచ్చకుండా, ఊదించి జబ్బు పట్టేయాలని ఆమె పంతం.

రోగులు ఊదితే కరెంటు పడిపోయింది. బాగానే ఉంది. అన్నయ్య ఊదినా పడిపోయింది.

"నీ మిషన్‌కి నేనంటే గిట్టదే," అని నవ్వాడు అన్నయ్య.

"అసలు పళ్ళు తోముకునే వచ్చావా?" అని కసిరింది.

తప్పు గొట్టాలదే అనుకుంది. లోహపు రకం కలిసిందేమోనని దాన్ని ఎక్కువ కరెంటు పెట్టి కాల్చేసింది. కొత్త చిప్పులు చేసింది. వేసవంతా దానికే పోయింది. అన్నయ్య మాత్రం పిలిచినప్పుడల్లా డ్యూటీ దిగి వచ్చి ఊదాడు. ఈమధ్య మెట్ల మీద ఆగి ఆయాసపడుతుంటే, వయసు మీద పడుతోందని ఆమే ఆటపట్టించింది.

చివరికి ఆమె ప్రొఫెసరు విసుగెత్తి తనే ఊదాడు. కరెంటు కదల్లేదు. పక్క గది టెక్నీషియన్ని ఊదమన్నాడు. అప్పుడూ కదల్లేదు.

"పనిచేస్తోందమ్మాయ్!" అని చప్పట్లు కొట్టాడు.

ఆమె కూడా సంబరపడింది, ఒక్క క్షణం. తప్పు మిషన్‌ది కాకపోతే అన్నయ్య ఊపిరిలోనే అమోనియా ఉన్నట్టని తట్టగానే, అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పరిగెత్తింది.

"వేసవికి ముందే తీసుకొస్తే మందులతో నెట్టుకొచ్చేవాళ్ళం," అంది ఆస్పత్రిలో డాక్టరు. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి, డయాలసిస్‌ని తట్టుకోలేనంతగా గుండె కూడా దెబ్బతింది, ఆశ పెట్టుకోవద్దంది.

మంచం మీద అన్నయ్య కళ్ళు తెరిచాడు. "మిషన్ బాగానే ఉందటగా? హమ్మయ్య. నావల్లే నీ పని చెడిపోతోందేమోనని తెగ బాధపడ్డానే."

ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది. గొట్టాలని అనుమానించినంత తేలిగ్గా అన్నయ్యని అనుమానించి ఉంటే బతికి బట్టకట్టేవాడు.