మోకాలి సూది, మగ్గం గుంట

ఆదోనిలో మా డాక్టర్ గోవిందయ్య గారి ఆస్పత్రికి కీళ్లలోకి వేసే కొత్త మందు మద్రాసు నుంచి వచ్చినప్పటి నుంచీ నా గొంతుకు విశ్రాంతి లేదు. సూది వేయడం ఆయన పని. వేశాక ఎలా ఉండాలో చెప్పడం నర్సు దేవమ్మ పని, అంటే నా పని. ఆ కీలుకు రెండు రోజులు పని చెప్పకూడదు, నీళ్లు తగలకూడదు, నూనె రుద్దకూడదు, తవుడు కాపడం పెట్టకూడదు. మొదటి రాత్రి నొప్పి పెరిగితే కంగారు పడకూడదు, జ్వరం వస్తే మాత్రం పరుగెత్తుకు రావాలి. రెండు మోకాళ్లూ నొప్పులైనా ఒకసారికి ఒకటే. మొదటిది కుదుటపడితేనే రెండోదానికి సూది. అందరూ బుద్ధిగా తల ఊపుతారు. ఇంటికి పోయి తమకు తోచిందే చేస్తారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఊరుకోలేను.

ఎమ్మిగనూరు నేతగాడు లక్ష్మన్న కుడి మోకాలికి సూది వేయించుకుని పోయాడు. వారం తిరక్కుండానే భార్య సుభద్రమ్మ భుజం పట్టుకుని కుంటుతూ మళ్లీ వచ్చాడు. మోకాలు బూరెలా పొంగి ఉంది.

"ఏం చేశావు లక్ష్మన్నా?"

"ఏం సేయలేదమ్మా! నువ్వు సెప్పినట్లే యాడికీ పోలే. గడప కూడా దాటలే. పొద్దన్నుంచి సందేళ దాకా కూసోనే ఉండా."

"ఎక్కడ కూర్చున్నావు?"

"ఇంగ యాడ కూసుంటారు? మగ్గంలో."

వాళ్లది గుంట మగ్గం. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దింపి, అడుగున ఉన్న పలకలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూనే ఉండాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి పలకలు ఎవరు తొక్కారు, మీ పక్కింటాయనా?"

"అదీ ఒక పనేనా అమ్మా? నేసేది సేతుల్తో కదా!" అన్నాడు, చంటిపిల్లాడంత అమాయకంగా.

డాక్టర్ గారు మోకాలు నొక్కి చూశారు. చీము లేదు, జ్వరం లేదు. "అదృష్టవంతుడివి" అని, వెంటనే గొంతు పెంచారు. "ఇది పూర్తిగా తగ్గకముందే మగ్గంలో దిగావంటే ఎడమ మోకాలికి సూది లేదు."

లక్ష్మన్న ముఖం వాడిపోయింది. రెండు మోకాళ్లూ బాగుపడకపోతే మగ్గం వదులుకోవాల్సిందే. అది వాళ్ల తాతల నాటి మగ్గం. పొలం పనికి పోదామన్నా అవే మోకాళ్లాయె. "అది ఎదురుగా ఖాళీగా ఉంటే నేను ఉండలేను సారూ" అన్నాడు మెల్లగా. అంతసేపు తిట్టిన నాకే జాలేసింది.

పక్కనే నిలబడిన సుభద్రమ్మ, "ఖాళీగా యాడుంటాది? నేను కూసుంటా" అంది.

"నీకేం వస్తాది? నూలు కండెలు సుట్టేదానివి."

"మా నాయనకు మగపిల్లోళ్లు లేరు. పెండ్లయ్యేదాకా మా ఇంట్లో మగ్గం నాదే."

వానలు మొదలయ్యాక లక్ష్మన్న మళ్లీ వచ్చాడు. సుభద్రమ్మ వెంటే ఉన్నా ఆమె భుజం పట్టుకోలేదు. కుడి కాలు తిన్నగా వేస్తున్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. లక్ష్మన్నది మాత్రం ఒకటే మొర. "మంచం మీద కూసోని ఈమెకు కండెలు సుట్టి ఇస్తాండా. రవ్వంత ఆలస్యమైతే సాలు, గుంటలోంచి కేకలేస్తాది. ఇన్నేండ్లు నేను అరిసిందంతా తిరిగిచ్చేసిందమ్మా!" వరండాలో కూర్చున్న రోగులంతా నొప్పులు మరిచి నవ్వారు.

ఎడమ మోకాలికి సూది పడింది. నేను జాగ్రత్తలు మొదలుపెట్టేలోపే, "తెలుసులేమ్మా, మంచం మీదనే" అన్నాడు.

సుభద్రమ్మ డాక్టర్ గారి దగ్గరికి జరిగింది. "సారూ, రెండు దినాలు సాలవు. ఈసారి నాలుగు దినాలు కదలగూడదని సెప్పండి."

"ఎందుకమ్మా?"

"సీర కొంగు దాకా వచ్చింది. అదీ నేసి, నా సేత్తోనే మగ్గం మీంచి దింపాల."

లక్ష్మన్న ఆమె వైపు తిరిగాడు. "ఇంత ఆశ ఉంటే ఇన్నేండ్లు అడగకపోతివే?"

"అడిగింటే ఇస్తాంటివా?"

లక్ష్మన్న తన మోకాలిని చూసుకున్నాడు. తర్వాత డాక్టర్ గారి వైపు తిరిగి, "నాలుగు దినాలనే సెప్పండి సారూ" అన్నాడు.