బాపు చెప్పిన సాక్ష్యం

గోపాల్ మస్కట్ నుంచి ఇంటికొచ్చి పదకొండు రోజులయింది. ఈ పదకొండు రోజుల్లో కూతురు నవత అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. కోపంతో మాట్లాడకపోతే అదొక తీరు. కోపం ఉన్నవాళ్లు తలుపు ధడాలున వేస్తారు, ఎదురుపడితే ముఖం తిప్పుకుంటారు. నవత అవేవీ చెయ్యడం లేదు. అతను గదిలోకి వస్తే కాసేపు అలాగే కూర్చుని, చప్పుడు కాకుండా లేచి వంటింట్లోకి పోతోంది. అతను వంటింట్లోకి వస్తే మళ్లీ గదిలోకి.

"ఏమన్న అన్నదా?" భార్య నర్మద రోజూ అడుగుతుంది.

"అనలే."

"నువ్వన్న మాట్లాడిపియ్యరాదు?"

"ఏమని మాట్లాడిపియ్యాలె?"

నర్మద చేటలో బియ్యం ముందేసుకుని, లేని రాళ్లు ఏరుతూ కూర్చుంటుంది.

సుల్తానాబాద్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఊరు. నవతకు నాలుగేళ్లప్పుడు గోపాల్ సెంట్రింగ్ పని మీద మస్కట్ పోయాడు. ఇప్పుడామెకు పంతొమ్మిది. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోయేవాడు. బిడ్డ పెరగడం అతను కళ్లతో చూసింది తక్కువ, చెవులతో విన్నదే ఎక్కువ. పళ్లూడిన నోటితో చెప్పిన పద్యాలు, పదో తరగతి మార్కులు చెప్పేటప్పటి తొందర, అన్నీ వాయిస్ మెసేజుల్లోనే వచ్చాయి. సైటు నుంచి క్యాంపుకు తిరిగొచ్చే బస్సులో తక్కినవాళ్లు కునుకు తీస్తుంటే అతను ఫోను చెవికి ఆనించుకుని, విన్నదే మళ్లీ వినేవాడు. ఇక్కడ నవతా అంతే. తండ్రి గొంతు వినందే కాలేజీ బస్సెక్కేది కాదు.

దూరాన ఉన్న తండ్రికి బిడ్డ గురించి గట్టిగా తెలిసినవి కొన్నే ఉంటాయి. గోపాల్‌కు తెలిసిన వాటిల్లో ఒకటి, ఆమె ఎడమ మోచేతి కింద ఉన్న కాలిన మచ్చ. ఆరేళ్లప్పుడు కాగే గంజి మీద పడింది. అతను మొదటిసారి సెలవు మీద ఇంటికొచ్చి ఉన్నాడు. తనే ఎత్తుకుని పెద్దపల్లి దవాఖానకు తీసుకుపోయాడు. ఆమెకు కట్టు కట్టిన చోటు ఎంత పొడవో, ఎంత వెడల్పో ఇప్పటికీ వేళ్లతో చూపించగలడు.

మార్చి నెలలో ఒక శుక్రవారం, సెలవు రోజు, క్యాంపులో బట్టలు ఉతుక్కుంటుంటే అదే గదిలో ఉండే హనుమండ్లు వచ్చాడు. పక్క ఊరివాడే.

"గోపాలన్నా, చేతులు కడుక్కొని జర లోపటికి రా."

"ఏందిరా, అన్నం మల్ల మాడగొట్టినవా?"

"అన్నం గాదే. నువ్వు రా."

హనుమండ్లు మేనల్లుడు నవత చదివే కాలేజీలోనే చదువుతున్నాడు. వాడు పంపిన ఫోటో ఫోన్లో ఉంది. బతుకమ్మ పండుగనాడు నవత ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న ఫోటోలోని ముఖం అది. ఆ నవ్వు ఆమెదే, ముక్కుపుడక ఆమెదే. మెడ కిందినుంచి ఒంటిమీద బట్టల్లేవు.

"ఏందో యాప్ వచ్చిందట అన్నా. ముఖమొక్కటి ఇస్తే చాలట, కడమదంత అదే తయారు చేస్తదట." హనుమండ్లు గోడవైపు చూస్తూ అన్నాడు.

గోపాల్ రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. ముఖాన్ని దాటించి, చేతిని వెతికాడు. ఎడమ చెయ్యి నున్నగా ఉంది. మచ్చ లేదు. అప్పుడు అతనికి ఊపిరి ఆడింది.

ఆ ఊపిరి ఆడటానికి ముందు గడిచిన మూడు నాలుగు సెకన్ల దగ్గరికి అతను ఆ తర్వాత లెక్కలేనన్ని సార్లు తిరిగి వెళ్లాడు. ఆ కాసేపు ఆ ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి ఎవరు? తండ్రి కాదు. ఎవరో పరాయివాడు, ఒక ఆడపిల్ల నిజమో అబద్ధమో తేల్చడానికి కూర్చున్నవాడు. వాడు తనలో ఎన్నాళ్లుగా ఉన్నాడో గోపాల్‌కు తెలియదు.

ఇంటికి ఫోన్ చెయ్యాలనే అనుకున్నాడు. నంబరు దాకా పోయి ఆగాడు. కన్నబిడ్డతో ఆ మాట ఎట్లా ఎత్తాలి? అంతకంటే మగవాళ్లతో చెప్పడమే సులువనిపించింది. దానికి వాళ్ల ఊళ్లో ఒక పద్ధతి కూడా ఉంది. ఇంటి మీద నింద పడితే ఆ ఇంటి పెద్ద ఎవరో పిలిచేదాకా ఆగడు. తనే కుల సంఘం దగ్గరికి పోయి, పదిమందిని కూర్చోబెట్టి, పడ్డ నింద ఇది, నా రుజువు ఇది అని నిలబడి చెప్తాడు. ముందు చెప్పినవాడి మాట నిలుస్తుంది. గోపాల్ చెల్లె మీద ఎవరో పుకారు పుట్టించినప్పుడు వాళ్ల నాయన అట్లాగే చెప్పాడు. మర్నాటికి ఊళ్లో ఆ మాట ఎత్తినవాళ్లు లేరు.

మస్కట్‌లో సంఘం ఇల్లు లేదు కానీ వాట్సాప్ గ్రూపు ఉంది. మండలంలోని ఊళ్ల నుంచి గల్ఫ్ దేశాలకు పోయిన రెండు వందల నలభై మంది అందులో ఉన్నారు. ఎవరు చనిపోయినా, ఎవరికి పాస్‌పోర్ట్ చిక్కు వచ్చినా కబురు అందులోనే. గోపాల్ ఆ ఫోటోను అందులో పెట్టాడు. తర్వాత గొంతు సవరించుకుని, నిలబడి ఆడియో రికార్డు చేసి పెట్టాడు.

"అన్నలారా, తమ్ములారా, నేను గోపాల్‌ను. గీ ఫోటో నా బిడ్డదని ఎవడో తిప్పుతుండు. గిది అబద్ధం. నా బిడ్డకు ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉంటది. గీ ఫోటోల లేదు. జర మంచిగ చూడుండ్రి. మీ మీ ఊర్లల్ల గూడ చెప్పుండ్రి."

చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. నీ బిడ్డ మా బిడ్డ అన్నా అని ఒకరు, ఫికర్ జెయ్యకు, మేమున్నం అని ఒకరు. గోపాల్ ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని నిద్రపోయాడు.

అతనికి తెలియనిది ఏమిటంటే, నవత అప్పటికే ఆ గండం దాదాపు గట్టెక్కింది. నాలుగు రోజుల ముందే ఆ ఫోటో చూసింది. రెండో రోజు కాలేజీలో మేడమ్‌కు చెప్పి, ఆమెను తోడు తీసుకుని పోలీసుల దగ్గరికి పోయింది. తయారు చేసినవాడు తన క్లాసువాడే, దొరికాడు. పోలీసులు ఆ ఫోటోను నెట్‌లోంచి తీసేయించారు. "బాపుకు చెప్పకు, అక్కడ పరేషాన్ అయితడు. అంత అయిపోయినంక నేనే చెప్త" అని తల్లికి చెప్పింది.

శుక్రవారం సాయంత్రానికి తండ్రి ఆడియో ఫోటోతో పాటు ఊళ్లోకి వచ్చింది. మొదట వచ్చింది పక్కింటి శంకరవ్వ. ఆ ముసలామెకు నవత అంటే ప్రాణం. వాకిట్లో నలుగురి ముందు పిల్లను దగ్గరికి తీసుకుని, డ్రెస్సు చెయ్యి పైకి లాగి, అందరికీ చూపించింది.

"ఇగో మచ్చ. ఉన్నది. నేను చెప్పలేదా, పిల్ల మంచిదని."

సోమవారం సుల్తానాబాద్ బస్టాండులో ముగ్గురు కుర్రాళ్లు అడ్డం వచ్చారు.

"ఏ పిల్లా, జర చెయ్యి చూపియ్యి."

"గట్ల చూస్తవేంది? మీ బాపే చూడుమన్నడు గదా."

ఒకడు ఫోన్లో ఆ ఆడియో పెట్టాడు. బస్టాండులో గోపాల్ గొంతు మోగింది. నవత బస్సెక్కకుండా నాలుగు కిలోమీటర్లూ నడిచి ఇంటికొచ్చింది. ఆ తర్వాత కాలేజీకి పోలేదు. ఫోను బియ్యం డబ్బాలో పడేసింది. కూర్చున్నా పడుకున్నా కుడి అరచేత్తో ఎడమ మోచెయ్యి కప్పుకుని ఉండేది. అన్నం తినాలంటే ఆ చెయ్యి తియ్యాలి కాబట్టి అన్నం మానేసింది. ఏప్రిల్‌లో కరీంనగర్ దవాఖానలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మనసు డాక్టరమ్మ మందులు రాసి, పిల్లను ఒంటరిగా వదలొద్దని నర్మదకు గట్టిగా చెప్పింది.

గోపాల్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది కేసు చూస్తున్న పోలీసు మేడమ్.

"గోపాల్ గారూ, వాడు పెట్టినదాన్ని చూసింది పద్నాలుగు మంది. తీసేయించినం. ఇప్పుడు తిరుగుతున్నది మీరు పంపింది. దానితోటి మీ ఆడియో ఉన్నది. ఇగ మేము ఎవరిని పట్టుకోవాల్నో మీరే చెప్పండి."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని గోపాల్ అనుకున్నాడు.

అతను ఇంటికొచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం నర్మద కొనుగోలు కేంద్రం దగ్గర ఆరబోసిన వడ్ల కాపలాకు పోయింది. ఇంట్లో తండ్రీ కూతురే ఉన్నారు. నవత గదిలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. గోపాల్ లోపలికి పోలేదు. గడప ఇవతల నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, తప్పయింది."

నవత కదల్లేదు. లేచిపోవడానికి అతనే దారికి అడ్డంగా ఉన్నాడు. అది తెలిసి అతను పక్కకు జరిగాడు. అయినా ఆమె లేవలేదు.

"నీ ఇజ్జత్ కాపాడుతున్న అనుకున్న."

అప్పుడు నవత నోరు తెరిచింది. గొంతు బొంగురుగా, చాలా రోజులు వాడనట్టు ఉంది.

"బాపూ, మచ్చ చూసినంకనే నమ్మినవా?"

కాదని చెప్పొచ్చు. చెప్తే ఆమెకు కొంచెం తేలికవుతుందేమో. కానీ మచ్చే రుజువని పంపిన ఆడియోలో అతను తన నోటితోనే చెప్పుకున్నాడు.

"ఆ" అన్నాడు.

"మరి వాడు మచ్చ గూడ పెట్టి తయారు చేస్తే?"

గోపాల్ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"నాకొక్క ఫోన్ చేస్తే అయిపోతుండె. నేను గాదు బాపూ అంటుంటి. గంతే."

"సిగ్గయింది బిడ్డా. నీతోని గా మాట ఎట్ల..."

"అంతమందికి చెప్పనీకి సిగ్గు గాలేదా?"

ఆ మాట వెటకారంగా అనలేదు. అర్థంకాని లెక్కను మాస్టారును అడిగినట్టు అడిగింది. గోపాల్ కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"బిడ్డా, నేను..."

నవత రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, నొప్పి ఉంది.

"జర ఆగు బాపూ. ఏమనుకోకు. నీ మీద నాకు కోపం లేదు, ఒట్టు. నువ్వు మాట్లాడితే గా ఆడియోనే ఇనవడుతది. నువ్వు ఏమన్న అను, బువ్వ తిన్నవా అని అడుగు, నాకు మాత్రం 'జర మంచిగ చూడుండ్రి' అనే ఇనవడుతది. డాక్టరమ్మకు చెప్పిన. తక్కువైతదన్నది. ఎప్పుడో చెప్పలే."

గోపాల్ సరే అన్నట్టు తల ఊపాడు. సరే అని నోటితో అనబోయి, మింగేశాడు.

పొద్దు వాలుతుంటే నర్మద వచ్చింది. గడప దగ్గర భర్తను, లోపల కూతుర్ని చూసి ఆశగా ఆగింది.

"మాట్లాడిందా?"

గోపాల్ లేచి, రమ్మన్నట్టు చెయ్యి ఊపి బయటికి నడిచాడు. వాకిలి దాటాడు. బజారు మలుపు తిరిగి, రోడ్డు పక్కన వడ్లు ఆరబోసినకాడిదాకా ఆగలేదు. నర్మద చెప్పులు కూడా లేకుండా వెనకాలే వచ్చింది.

"మాట్లాడింది" అన్నాడు.

"మరి గది ఇంట్ల చెప్పక, గింత దూరం తోలుకొచ్చినవేంది?"

"ఇక్కడైతే బిడ్డకు ఇనవడది."