మీటరుకి బొట్టు

మే నెల మిట్టమధ్యాహ్నం, లంబసింగి ఉదయం ఒకదాన్ని కారవాన్ ఫ్రిజ్‌లో పెట్టుకుని వచ్చి, హైమ రెంటచింతలలో అక్క ఇంటి ముందు బండి ఆపుతుంది. జనవరిలో పట్టి దాచిన ఉదయం అది. పొగమంచూ పిట్టలూ అన్నీ ఉన్నాయి. ఉగాది నుంచీ ఎండలకి కన్ను మూతపడని అక్క రత్నమాల కోసమే తెచ్చింది.

దారంతా ఫ్రిజ్ గ్యాసు మీద బుద్ధిగా నడిచింది. ఇక్కడికొచ్చాక సిలిండరు అయిపోయింది. ఇలాంటివి గుమ్మం ముందుకొచ్చాకే అయిపోతాయి మరి. హైమ అక్క ఇంటి ప్లగ్గులో వైరు పెడుతుంది. బండిలో లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఫ్రిజ్ మాత్రం ఉలకదు, పలకదు.

ఫ్యూజు చూస్తుంది, బాగానే ఉంది. మీట కరెంటు వైపే ఉంది. బండి వాలి ఉంటే ఈ ఫ్రిజ్ పనిచెయ్యదు కాబట్టి, పైన గ్లాసుతో నీళ్ళు పెట్టి చూస్తుంది. నీళ్ళూ సమంగానే ఉన్నాయి. లోపల ఒక పిట్ట కూస్తుంది. గొంతు అప్పుడే వడలింది. సాయంత్రంలోగా చల్లదనం అందకపోతే ఆ ఉదయం కాస్తా మామూలు మధ్యాహ్నం అయిపోతుంది. హైమకి ఏడుపొస్తుంది.

వైరుకి చెవి ఆనించి, "ఫ్రిజ్‌లోకి రావేం?" అని అడుగుతుంది.

"పిలిచిందెవరు?" అంటుంది కరెంటు, పెద్దముత్తయిదువ గొంతుతో. "లైటూ ఫ్యానూ అంటే వసారాతో సమానం. ఫ్రిజ్ అంటే వంటిల్లు. పిలవకుండా వంటింట్లోకి ఎట్టా వస్తానమ్మా?"

న్యాయమే అనిపించి, హైమ కుంకుమ భరిణె తీసుకుని మీటరు దగ్గరికి వెళ్తుంది. మీటరు మొహం తిప్పుకుంటుంది.

"ఈ ఇంటి ఇల్లాలు అలిగి ఉంటే ముందు నాకెట్టా పెడతావు? ఆమెకి పెట్టి రా."

నాలుగేళ్ళ కిందట ఈ బండిలోనే పాలు పొంగించి గృహప్రవేశం చేసుకుంది హైమ. ఆమెకున్న ఇల్లు ఇదొక్కటే. తెలిసినవాళ్ళందర్నీ బొట్టు పెట్టి పిలిచి, సొంత అక్కే కదా అని రత్నమాలకి ఫోన్‌లో చెప్పి ఊరుకుంది. అక్క రాలేదు. అప్పట్నుంచీ మాటల్లేవు. తప్పు తనదేనని హైమకి ఆ రోజే తెలుసు. ఒప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.

రత్నమాల వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కా, మా ఇంటికి రా," అంటూ హైమ వంగి బొట్టు పెడుతుంది.

"ఏందే, ఫోన్ పాడైందా?" అంటుంది రత్నమాల. అంటూనే ఆమె కళ్ళు నిండిపోతాయి.

తర్వాత మీటరుకీ బొట్టు పెడతారు. కరెంటు కొంగు సర్దుకుంటూ వైరు వెంట నడిచి వస్తుంది. హైమ చెంబు అందుకోబోతే, "కాళ్ళకి నీళ్ళు మాత్రం వద్దులే తల్లీ," అని నేరుగా ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోతుంది. ఎర్రదీపం వెలుగుతుంది.

ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల ఘాట్ రోడ్డు. రత్నమాల చెప్పులు విడిచి, తల వంచి లోపలికి నడిచి, పొగమంచులో కలిసిపోతుంది. కాసేపటికి మంచులోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వస్తుంది. హైమ చేతిలోని భరిణెలోంచి ఆ చెయ్యే కుంకుమ తీసి, తడుముకుంటూ హైమ నుదుట బొట్టు పెడుతుంది.

"చలిగా ఉందే. దుప్పటి తీసుకుని నువ్వూ రా."

హైమ వెళ్తుంది. రెండు జతల చెప్పుల మీద మంచు కురుస్తుంది. అక్క నిద్ర తీరేదాకా పొద్దెక్కకుండా, కరెంటు ఫ్రిజ్ గుమ్మంలో పీట వేసుకుని, లంబసింగి సూర్యుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొడుతుంది.